వార్డు వెంట ఇంటికి రాకుండా: కొత్తగా డ్యూటీ ఎక్కిన నర్సుకు మొదటి ఆరు నెలలు

కాలేజీ పోస్టింగుల్లో చేతికి ఇద్దరు పేషెంట్లు, పక్కన ట్యూటర్ మేడమ్. అదే పిల్ల బీఎస్సీ నాలుగేళ్లో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లో ముగించి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకుని, విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో స్టాఫ్‌గా చేరితే మొదటి వారమే చేతికి పన్నెండు బెడ్లు వస్తాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో టీచింగ్ ఆసుపత్రి వార్డులో ముగ్గురికి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలి. ఆ లెక్క చాలా వార్డుల గుమ్మం దాటి లోపలికి రాలేదు. కనుక పని మిగిలిపోయిన ప్రతిరోజూ "నాకే చేతకావడం లేదు" అనుకోవద్దు. ఐదుగురికి సరిపడే చేతులతో పన్నెండు మందిని చూస్తే పని మిగులుతుంది.

బెడ్ల సంఖ్య మీ చేతిలో లేదు. రెండు మాత్రం ఉన్నాయి. పనిని తలలో మొయ్యకుండా కాగితం మీద పెట్టడం ఒకటి, అడగాల్సినచోట వెంటనే అడగడం రెండోది. కొత్తవాళ్లకు నిద్రలో కూడా "ఆ ఇంజెక్షన్ ఇచ్చానా లేదా" అని ఉలికిపాటు రావడానికి ఎక్కువసార్లు కారణం ఈ రెండిట్లో ఏదో ఒకటి తప్పడమే.

మడత కాగితం

ఒక ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఒక వైపు 8 గళ్లు పడతాయి. రెండు వైపులా 16. పన్నెండు బెడ్లకు పన్నెండు గళ్లు పోగా, వెనకవైపు అడుగున మిగిలిన నాలుగు గళ్లూ కలిపి టైం పట్టీ చేసుకోండి. ప్రతి గడి పైన బెడ్ నంబరు, వయసు, ఐపీ నంబరులో (ఆసుపత్రిలో చేరినప్పుడు పేషెంటుకు ఇచ్చే నంబరు) చివరి మూడు అంకెలు. దాని కింద జబ్బు ఒక్క మాటలో, ఎలర్జీ ఉంటే ఎర్ర పెన్నుతో, నోటితో ఏమీ ఇవ్వకూడదా లేదా, క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) ఏ రోజు పెట్టారు, క్యాథెటర్, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం), డ్రెయిన్ ఏవి ఉన్నాయి. మిగతా జాగా చెయ్యాల్సిన పనులకు.

పని చెవిన పడగానే దాని పక్కన ఖాళీ సున్నా చుట్టండి. చేశాక సున్నాలో అడ్డగీత. కేస్ షీటులో రాశాకే సున్నాను నింపెయ్యండి. ఈ అడ్డగీతే మొత్తం పద్ధతికి ప్రాణం. రాత్రిపూట నిద్ర చెడగొట్టేవి "చేశాను, రాయలేదు" అన్న పనులే. డ్యూటీ దిగే ముందు కాగితం తిప్పిచూస్తే అడ్డగీతలన్నీ ఒక్క చూపులో కనబడతాయి.

టైం పట్టీలో గంటకు కట్టుబడిన పనులే రాయాలి. 9కి యాంటీబయాటిక్‌లు, 10కి కదల్లేని పేషెంట్లను పక్కకు తిప్పడం (రెండు గంటలకోసారి), 12కి వైటల్స్ (పల్స్, బీపీ, శ్వాస లాంటివి), అన్నానికి ముందు జీఆర్‌బీఎస్ (వేలి చుక్కతో షుగర్ పరీక్ష), 1.30కి ఇన్‌టేక్ అవుట్‌పుట్ కూడిక. ఎప్పుడు చేసినా ఫర్వాలేని పనిని ఈ పట్టీలోకి రానిస్తే అసలువి అందులో మునిగిపోతాయి.

ఈ కాగితం రెండుచోట్ల బెడిసికొడుతుంది. షిఫ్టు మధ్యలో 4వ బెడ్ పేషెంటును 9కి మారుస్తారు, మీ కాగితంలో మాత్రం 4 అనే ఉంటుంది. ఐపీ అంకెలు రాసుకోమన్నది అందుకే. రెండోది, కాగితం క్యాంటీన్ బల్ల మీద మర్చిపోవడం. పేషెంట్ పేరు దాని మీద రాయకండి, డ్యూటీ దిగేటప్పుడు చింపి పారెయ్యండి. ఫోనులో ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు.

హ్యాండోవర్ మంచం దగ్గరే

చాలా ఆసుపత్రుల్లో ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8. డ్యూటీకి పావుగంట ముందు వస్తే ఆ పావుగంట తర్వాతి ఆరు గంటలనూ కాస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడి "అందరూ స్టేబులే" అన్న మాటతో హ్యాండోవర్ తీసుకోకండి. 8.40కి చెయ్యి ఉబ్బిన క్యాన్యులా కనబడితే అది మీ ఖాతాలోదే. మంచం మంచానికీ నడిచి కళ్లతో చూడండి: చేతి పట్టీ, క్యాన్యులా చోటు, సీసాలో ఎంత మిగిలింది, ఎన్ని చుక్కలు పడుతున్నాయి, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు, యూరిన్ బ్యాగు, డ్రెయిన్. బెడ్డుకు నిమిషం చాలు.

డ్యూటీ దిగే అక్కను రెండు ప్రశ్నలు అడగండి. "మీ పని ఏదైనా మిగిలిందా?" "వీళ్లలో ఎవరి గురించి మీకు అనుమానంగా ఉంది?" రెండో ప్రశ్నకు వచ్చే జవాబు ఏ చార్టులోనూ ఉండదు. ఆ బెడ్డును మొదట చూడండి.

సెలైన్ చుక్కల లెక్క తడుముకోకుండా రావాలి. మిల్లీలీటర్లను సెట్టు చుక్కల సంఖ్యతో గుణించి, నిమిషాలతో భాగించాలి. మామూలు సెట్టుకు సాధారణంగా మిల్లీలీటరుకు 20 చుక్కలు, మైక్రో సెట్టుకు 60. సెట్టు కవరు మీద అచ్చై ఉంటుంది, చూసుకోండి. 20 చుక్కల సెట్టుతో 500 మి.లీ. 4 గంటల్లో పోవాలంటే నిమిషానికి 42, 6 గంటల్లో 28, 8 గంటల్లో 21. మైక్రో సెట్టులో గంటకు ఎన్ని మి.లీ. పోవాలో నిమిషానికి అన్నే చుక్కలు. ఈ అంకెలు ఐడీ కార్డు వెనక అంటించుకుంటే ప్రతిసారీ ఫోను తియ్యక్కర్లేదు.

మూడు పనులు ఒకేసారి మీద పడితే

11 గంటలకు ఇలా ఉంటుంది: 3వ బెడ్ డిశ్చార్జి కాగితాల కోసం అటెండెంట్ అరుస్తున్నారు, 6కి ఇన్సులిన్ టైమైంది, 10వ బెడ్ పెద్దాయన ఊపిరి ఎగబీలుస్తున్నారు. గొంతు పెద్దగా ఉన్నవాళ్ల దగ్గరికి కాళ్లు వాటంతటవే పోతాయి. ఊపిరి ఇబ్బంది ఉన్నాయన మాత్రం అరవలేరు. ముందు ఊపిరి, రక్తస్రావం, స్పృహ. తర్వాత గంట దాటకూడని మందులు: మొదటి డోసు యాంటీబయాటిక్, అన్నానికి ముందు ఇన్సులిన్, స్టాట్ (వెంటనే ఇవ్వమన్న) ఆర్డర్లు. ఆ తర్వాత నొప్పి. కాగితాలు చివర. డిశ్చార్జి ఆలస్యమైతే బిల్లింగు కౌంటరు దాకా అందరికీ కోపం వస్తుంది కానీ ఎవరికీ ప్రాణం మీదికి రాదు.

ఎవరి దగ్గరికి పరుగెత్తాలో తేల్చే అంకెలు: శ్వాస నిమిషానికి 25 దాటినా, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 91కి దిగినా, పై బీపీ 90కి పడిపోయినా, పల్స్ 40కి తగ్గినా 130 దాటినా, మాటల్లో కొత్తగా తడబాటు కనిపించినా, ఒక్కటి చాలు, డాక్టరుగారికి చెప్పాలి. పాత ఊపిరితిత్తుల జబ్బుతో శాచురేషన్ ఎప్పుడూ తక్కువగానే ఉండేవాళ్లకు ఎంతవరకు ఫర్వాలేదో కేస్ షీటులో రాయించుకోండి. వీటన్నిటిలో శ్వాస లెక్కే ముందు మారుతుంది. తీరా చూస్తే చార్టు నిండా అందరికీ 20, 20, 20 అని ఉండే అంకె కూడా అదే. నిమిషం పాటు గడియారం చూసి లెక్కపెట్టండి.

రుతువును బట్టి బరువు మారుతుందన్నది కూడా లెక్కలో ఉంచుకోవాలి. వానలు పడ్డాక డెంగీ జ్వరాలు, వాటితో ఫ్లూయిడ్ చార్టులు. పల్నాడు పత్తి, మిర్చి పొలాల మీదుగా గుంటూరుకు పురుగుమందు కేసులు వస్తూనే ఉంటాయి. అట్రోపిన్ (ఆ విషానికి విరుగుడు మందు) నడుస్తున్న ఒక్క పేషెంటుకు మొదట్లో కొద్ది నిమిషాలకోసారి, తర్వాత గంటగంటకూ పల్స్, కనుపాపలు, చెమట, ఛాతీలో తడి శబ్దం చూసి రాయాలి. ఆ మంచం పక్కన మనిషి తోడు లేకుండా ఉండకూడదు. అలాంటి కేసు మీ చేతికి వస్తే ఇన్‌ఛార్జి సిస్టర్‌తో నోరు విప్పి చెప్పండి: "మేడమ్, ఈ కేసు నేను చూస్తాను, 11, 12 బెడ్లు ఇంకొకరికి ఇవ్వండి." పని తగ్గించమని అడగడానికి సిగ్గు అక్కర్లేదు. బెడ్ నంబర్లతో అడిగితే మాట నెగ్గే అవకాశం ఎక్కువ.

రాత్రి రెండింటికి ఫోన్

డాక్టరుగారిని లేపాలంటే వచ్చే భయం కొత్తవాళ్లందరికీ ఒకటే. "సార్, పేషెంటు అదోలా ఉన్నారు" అంటే విసుక్కుంటారు, అందులో వారి తప్పూ లేదు. కేస్ షీట్, డ్రగ్ చార్ట్, ఇప్పుడే తీసిన వైటల్స్ ముందు పెట్టుకుని చెయ్యండి. చెప్పే వరస ఇలా ఉండాలి:

"సార్, మేల్ మెడికల్ వార్డు స్టాఫ్‌ని. 10వ బెడ్, 58 ఏళ్లు, నిమోనియా, నిన్న అడ్మిషన్. గంట కిందట శ్వాస 20, ఇప్పుడు 28. శాచురేషన్ 96 నుంచి 90కి దిగింది. పల్స్ 118, బీపీ 100/60. ఆక్సిజన్ 4 లీటర్లు నడుస్తోంది. మీరు వచ్చి చూడాలి సార్. ఈలోగా ఏం చెయ్యమంటారు?"

చివరి రెండు వాక్యాలు మింగెయ్యకండి. కావలసింది ఏమిటో చెప్పకపోతే అవతల "సరే చూడమ్మా" అని పెట్టేస్తారు. ఫోన్లో చెప్పిన ఆర్డరును తిరిగి చదివి వినిపించండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకేలా వినబడతాయి, "వన్ ఫైవా సార్, ఫైవ్ జీరోనా?" అని విడదీసి అడగండి. రాసుకున్న టైం వెయ్యండి, పొద్దున సంతకం పెట్టించండి. ఫోన్ ఎత్తకపోతే ఐదు నిమిషాల్లో మళ్లీ, అప్పటికీ ఎత్తకపోతే నైట్ సూపర్‌వైజర్‌కు, ఐసీయూ డ్యూటీ డాక్టర్‌కు. ప్రతి ప్రయత్నమూ టైంతో సహా నోట్స్‌లో ఉండాలి.

సీనియర్లను అడిగే విషయంలో ఒక విభజన పనికొస్తుంది. తెలియని మందు, అర్థంకాని చేతిరాత, రంగు మారిన పేషెంటు: ఈ మూడింటికీ అప్పటికప్పుడు అడగాలి, విసుక్కున్నా సరే. ఇండెంట్ (స్టోరు నుంచి సామాన్లు తెప్పించే చీటీ) ఎలా రాయాలి, ఫలానా రిజిస్టరు ఎక్కడుంది లాంటివి కాగితం చివర పోగుచేసి టీ టైంలో ఒక్కసారే అడగండి. అడిగితే ఒక తిట్టు, అడక్కపోతే ఇన్సిడెంట్ రిపోర్టు.

మందుల దగ్గర

ట్రేలో ఒకసారికి ఒక పేషెంటు మందులే. టైం కలిసొస్తుందని నలుగురివీ ఒకేసారి లోడ్ చేసుకుంటే, మధ్యలో ఎవరో పిలుస్తారు, తిరిగొచ్చేసరికి నాలుగు తెల్ల సిరంజిలు ఒకేలా ఉంటాయి. లోడ్ చేసిన సిరంజికి వెంటనే లేబుల్. మందు తీస్తుండగా ఎవరు పిలిచినా "రెండు నిమిషాలు, మందు తీస్తున్నాను" అనండి.

రెండు మందులు ఎప్పుడూ ఇంకొకరి కళ్లతో కూడా చూపించి ఇవ్వాలి. మొదటిది ఇన్సులిన్. మన దగ్గర 40 యూనిట్ల వయల్, 100 యూనిట్ల వయల్ రెండూ దొరుకుతాయి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 100 వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజిలోకి తీస్తే డోసు రెండున్నర రెట్లు పోతుంది. రెండోది పొటాషియం క్లోరైడ్. 10 మి.లీ. ఆంప్యూల్‌లో సాధారణంగా 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. దాన్ని నేరుగా ఇంజెక్షన్‌గా తోస్తే గుండె ఆగుతుంది. సీసాలో కలిపి, బాగా తిప్పి, ఆర్డరులో ఉన్న వేగంతోనే. దీన్ని మామూలు సెలైన్ ఆంప్యూళ్ల పక్కన పెట్టే అలమరా ఎక్కడ కనబడినా ఇన్‌ఛార్జికి చెప్పి వేరు చేయించండి.

రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పావుగంట ఆ మంచం వదలకూడదు. బ్లడ్ బ్యాంక్ నుంచి తెచ్చిన అరగంటలో మొదలుపెట్టి 4 గంటల్లో ముగించాలి. మధ్యాహ్నం 1.30కి సంచి వస్తే ఆ పావుగంట ఎవరు నిలబడాలో ముందే మాట్లాడుకోండి.

తప్పు జరిగితే ముందు పేషెంటును చూడండి, వైటల్స్ తియ్యండి, డాక్టరుగారికి, ఇన్‌ఛార్జికి చెప్పండి, జరిగింది జరిగినట్టు టైంతో రాయండి. వైట్‌నర్ వద్దు, ఒక్క గీత కొట్టి సంతకం. ఆలస్యంగా రాస్తే అసలు టైం వేసి లేట్ ఎంట్రీ అని రాయండి. ఇవ్వని మందుకు ముందే టిక్ పెట్టే అలవాటు కొన్ని వార్డుల్లో పాతుకుపోయి ఉంటుంది, అది మాత్రం నేర్చుకోకండి.

అటెండెంట్లతో

సగం అలసట పేషెంట్లతో కాదు, "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అన్న పిలుపుతో. సీసా ఖాళీ అయితే గాలి గుండెకెక్కి మనిషి పోతాడని ఊళ్లలో గట్టి నమ్మకం. సీసా తగిలించేటప్పుడే అర నిమిషం ఖర్చుపెట్టండి: "పెద్దమ్మగారూ, ఇది మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోతుంది. ఈ గీత దగ్గరికి వచ్చినప్పుడు పిలవండి. కాస్త ఆలస్యమైనా గాలి లోపలికి పోదు, పైపులోనే ఆగిపోతుంది. రక్తం వెనక్కొచ్చి సూది మూసుకుపోతుందనే ముందుగా పిలవమంటున్నాను." పంపు లేకుండా వేలాడదీసిన సీసాల మాట ఇది. 50 మి.లీ. దగ్గర పెన్నుతో గీత గీస్తే పిలుపులు బాగా తగ్గుతాయి.

"వస్తున్నా" అన్నది అన్నిటికంటే చెడ్డ జవాబు. ఐదుసార్లు వస్తున్నా అని రాకపోతే ఆరోసారి వాళ్లు అరుస్తారు. "20 నిమిషాలు పడుతుంది బాబాయ్‌గారూ, ఐసీయూకి పేషెంటును పంపిస్తున్నాం" అని టైం, కారణం చెప్పండి. జబ్బు ఎలా ఉంది, బతుకుతారా అన్నవాటికి మీరు జవాబు చెప్పకండి, డాక్టరుగారు రౌండ్స్‌కు వచ్చే టైం చెప్పండి. గొంతు లేచి చెయ్యి కూడా లేచేలా ఉంటే వాదించకుండా రెండడుగులు వెనక్కి వేసి, తలుపు వైపు నిలబడి సెక్యూరిటీని పిలవండి. ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి సిబ్బంది మీద దాడుల నివారణకు 2008లో వచ్చిన చట్టం నర్సులకూ వర్తిస్తుంది, అది బెయిల్ రాని నేరం. ఆసుపత్రి లోపలివాళ్లే లైంగికంగా వేధిస్తే 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, మహిళా హెల్ప్‌లైన్ 181.

తిండి, నైట్‌లు

ఆరు గంటల షిఫ్టులో నీళ్లు తాగకుండా, బాత్‌రూముకు పోకుండా గడిపి మూత్రంలో మంటతో సెలవు పెట్టే కొత్త స్టాఫ్ ప్రతి వార్డులోనూ ఉంటారు. జట్టు కట్టండి: "నీ బెడ్లు పావుగంట నేను చూస్తా, నువ్వు తినిరా, తర్వాత నేను." తినడానికి వెళ్లేటప్పుడు కూడా చిన్న హ్యాండోవర్ ఇవ్వాలి, లేకపోతే ముద్ద దిగదు.

నైట్ డ్యూటీకి రాత్రి 7 గంటలకే భోజనం ముగించండి. అర్ధరాత్రి బిర్యానీ, ఆవకాయ ముద్ద బ్రహ్మాండంగా ఉంటాయి, 3 గంటలకు గుండెల్లో మంట కూడా అంతే బ్రహ్మాండంగా ఉంటుంది. డబ్బాలో పెరుగన్నం, అరటిపండు, వేరుశనగ చిక్కీ చాలు. టీ రాత్రి 2 దాటాక ఆపండి, లేకపోతే పొద్దున పడుకున్నా నిద్ర పట్టదు. మొదటి నైట్‌కు ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకుని రండి. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య కళ్లు, లెక్కలు రెండూ మొద్దుబారతాయి. ఆ టైంలో చేసే డోసు లెక్కలు పక్కవాళ్లకు చూపించండి.

పగటి నిద్ర మే నెలలో విజయవాడ హాస్టల్ గదిలో పెద్ద పరీక్షే. 11 దాటితే గది కొలిమి. డ్యూటీ దిగగానే ఫోన్ చూడకుండా, ఇడ్లీ లాంటిది తిని, స్నానం చేసి 9.30కల్లా పడుకుంటే వేడెక్కేలోగా మంచి నిద్ర దొరుకుతుంది. కిటికీకి మందపాటి దుప్పటి, తలుపు మీద "నైట్ దిగాను, లేపొద్దు" అని చీటీ. రూమ్‌మేట్ షిఫ్టులు వేరైతే ఆ చీటీ చాలా గొడవలు తప్పిస్తుంది. నైట్ దిగి స్కూటీ మీద హైవే ఎక్కి విజయవాడ నుంచి గుంటూరు పోకండి. బస్సెక్కండి, నిద్రొస్తే సీట్లోనే వస్తుంది.

డ్యూటీ చార్టు రాసేటప్పుడు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న వరసలో వేయమని అడగండి. రాత్రి నుంచి వెనక్కి ఉదయానికి తిప్పితే ఒంటికి కష్టం.

సూది గుచ్చుకుంటే

సబ్బు, పారే నీళ్లతో కడగండి. పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు. వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పి క్యాజువాలిటీకి వెళ్లండి. హెచ్‌ఐవీ ప్రమాదం ఉంటే మందు 2 గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు, కోర్సు 28 రోజులు. మీ ఆసుపత్రిలో లేకపోతే ప్రభుత్వ సర్వజనాసుపత్రికి వెళ్లండి. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలలకు మూడు డోసులు. చేరిన మొదటి వారమే మొదలుపెట్టండి, చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్షలో 10 దాటిందో లేదో చూసుకోండి. సూదికి మూత మళ్లీ పెట్టకపోవడమే అన్నిటికంటే చవకైన టీకా.

ఇంటికొచ్చాక

బస్సులో గుర్తొస్తుంది, 5వ బెడ్ యూరిన్ అవుట్‌పుట్ చెప్పలేదని. లోలోపల నలగకుండా వార్డు ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి చెప్పెయ్యండి. ఆ నంబరు ఫోన్లో ఉంచుకోండి. ఎవరూ తక్కువగా అనుకోరు.

మొదటిసారి చేతుల్లో పేషెంటు పోయిన రోజు పని ఆగదు, పక్క బెడ్డుకు మందు ఇవ్వాల్సిందే. దేహాన్ని సిద్ధం చేసి అప్పగించాక పది నిమిషాలు అడిగి తీసుకోండి, నీళ్లు తాగండి, ఆ డ్యూటీలో ఉన్న ఒక సీనియర్‌తో ఏం జరిగిందో వరసగా మాట్లాడండి. ఏడుపొస్తే రానివ్వండి. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోయినా, డ్యూటీ అనగానే కడుపులో తిప్పినా, బతకడమే వద్దనిపించినా 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ చివరి ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగక్కర్లేదు, అదే రాత్రి చెయ్యండి, పక్కనున్నవాళ్లకు చెప్పండి.

ఆరు నెలలకూ పరిస్థితి మారకపోతే ముందు వార్డు మార్పు అడగండి, ఆసుపత్రి మార్పు తర్వాత. చేరేటప్పుడు సర్టిఫికెట్ల జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ తీసుకుంటామంటే రసీదు అడగండి. బాండు ఉంటే సంతకానికి ముందే ఎన్ని నెలలో, ముందే మానేస్తే ఎంత కట్టాలో చదవండి. జీతం 21,000 లోపైతే ఈఎస్‌ఐ ఉండాలి, పే స్లిప్పులో దాని కోత కనబడాలి. మానేసేటప్పుడు నోటీసు కాగితం మీద ఇచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అనుభవ సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, వదిలిన తేదీ, పనిచేసిన వార్డులు, మీ రిజిస్ట్రేషన్ నంబరు నాలుగూ ఉన్నాయో లేదో కౌంటరు వదలకముందే చదువుకోండి. ఒకటి తప్పినా దాన్ని సరిచేయించడానికి తర్వాత నాలుగుసార్లు తిరగాలి.